జబ్బల కింద వేలాడే చర్మానికి లైపోసక్షన్ సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 41 ఏళ్లు. ఏడాదిన్నర కిందట బేరియాట్రిక్ సర్జరీ చేయించుకుని 38 కిలోలు తగ్గాను. కానీ రెండు జబ్బల కింద చర్మం వేలాడుతోంది. జిమ్‌కు వెళ్తున్నా తేడా లేదు. రెండు నెలల్లో మా చెల్లి పెళ్లి. ఈలోగా లైపోసక్షన్ చేయించుకోవచ్చా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: జిమ్ విషయంలో మీ లోపమేమీ లేదమ్మా. వ్యాయామంతో చేతి వెనక కండరం గట్టిపడుతుందే గానీ, ఏళ్ల తరబడి సాగిపోయిన చర్మం మళ్లీ బిగుసుకోదు. క్రీములతోనూ అంతే.

లైపోసక్షన్ తీసేది కొవ్వును, చర్మాన్ని కాదు. చర్మంలో బిగువు ఉండి, కొవ్వు మాత్రమే పేరుకున్నవాళ్లకు అది బాగా పనిచేస్తుంది. చేయి పక్కకు చాపి, వేలాడే భాగాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూడండి. వేళ్ల మధ్య పలుచటి చర్మమే దొరికితే అక్కడ తీయడానికి పెద్దగా కొవ్వు లేనట్టే. ఉన్న కాస్తా లాగేస్తే చర్మం ఇంకా జారుతుంది.

మీకు అవసరమయ్యేది బహుశా బ్రేకియోప్లాస్టీ, అంటే మిగులు చర్మాన్ని కోసి తీసేసే ఆపరేషన్. వదులు కొద్దిగా, చంక దగ్గరే ఉంటే కోత చంక మడతలోనే ఉంటుంది. మీలా బాగా బరువు తగ్గినవాళ్లకు చాలావరకు చంక నుంచి మోచేయి దాకా కోయాల్సి వస్తుంది.

బాగా ఆలోచించాల్సింది ఈ మచ్చ గురించే. మొదటి నెలల్లో ఎర్రగా, గట్టిగా ఉంటుంది. నెమ్మదించడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, పూర్తిగా మాత్రం పోదు. పైగా మన చర్మంపై మచ్చలు నల్లబడటం, ఉబ్బడం ఎక్కువ. చెవులు కుట్టినచోటో పాత కుట్లమీదో కీలాయిడ్ (గాయం హద్దు దాటి ఉబ్బుగా పెరిగే మచ్చ) వచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి. కన్సల్టేషన్‌కు మీరు మామూలుగా వేసుకునే జాకెట్‌తోనే వెళ్లి, గీత ఎక్కడ పడుతుందో పెన్నుతో గీసి చూపించమనండి. చేతులు ఎత్తి, దించి అద్దంలో చూసుకున్నాకే నిర్ణయం తీసుకోండి.

అందుకే పెళ్లికి ముందు వద్దంటాను. అప్పటికి మచ్చ ఇంకా పచ్చిగానే ఉంటుంది. నాలుగు నుంచి ఆరు వారాలు బిగుతు స్లీవ్ వేసుకోవాలి, బరువులు ఎత్తకూడదు. పెళ్లింట్లో అది కుదిరే పనేనా? ఈసారికి మోచేతుల దాకా చేతులున్న జాకెట్ కుట్టించుకోండి.

బరువు కనీసం ఆరు నెలలుగా నిలకడగా ఉండాలి. బేరియాట్రిక్ తర్వాత ప్రొటీన్, ఐరన్, బి12 తగ్గడం మామూలే. అవి తక్కువగా ఉంటే గాయం మానదు కాబట్టి ముందే రక్తపరీక్షలు చేయించుకోండి. షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చుకోవాలి. రొమ్ము క్యాన్సర్‌కు చంకలోని లింఫ్ గ్రంథులు తీయించుకున్న చరిత్ర ఉంటే ఈ ఆపరేషన్ గురించి మరింత జాగ్రత్తగా ఆలోచించాలి.

ఆపరేషన్ తర్వాత నీరు చేరడం, చంక దగ్గర కుట్లు విడటం, ముంజేయి లోపలివైపు తిమ్మిరి రావడం కొందరిలో చూస్తాం. చాలావరకు సర్దుకుంటాయి, తిమ్మిరి మాత్రం కొందరికి ఉండిపోవచ్చు. జ్వరం వచ్చినా, ఒక చేయి మాత్రమే వాచి ఎర్రబడినా ఆగకుండా డాక్టర్‌ను కలవండి. ఆయాసం వస్తే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. లేదా డీఎన్‌బీ డిగ్రీ చేసినవారి దగ్గరికే వెళ్లండి. సౌందర్య చికిత్సకు ఇన్సూరెన్స్ సాధారణంగా వర్తించదు. కాబట్టి మత్తు, గది, స్లీవ్ అన్నీ కలిపి ఖర్చెంతో ముందే రాయించి తీసుకోండి.