పైన ఐస్ గడ్డ, కింద పాలు విరిగిపోతున్నాయా? గ్యాస్ పట్టించే ముందు సెన్సర్ చూడండి

మీ చిత్తూరు ఇంట్లో డబుల్ డోర్ ఫ్రిజ్, పైన ఫ్రీజర్ గోడకి ఐస్ పేరుకుపోతోంది, కింద పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికే విరిగిపోతున్నాయి, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోంది, మెకానిక్ వచ్చి గ్యాస్ పోయింది అన్నాడు, పట్టించమంటారా అని కదా మీ ప్రశ్న. ఆగండి, అడ్వాన్స్ ఏమీ ఇవ్వకండి.

తిరుపతిలో మాకు పోయిన ఎండాకాలం అచ్చం ఇదే వరస. మే నెల ఎండ, దానికి తోడు దర్శనానికి వచ్చిన చుట్టాలు, తలుపు తీయడం వేయడం రోజంతా జరిగేది కాబట్టి ఇంట్లో అందరూ దాని మీదే నెట్టేశారు. ఒక మెకానిక్ గ్యాస్ అన్నాడు, ఇంకొకాయన ఫ్రిజ్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు మార్చాల్సిందే అన్నాడు. చివరికి దొరికింది వేలి కొనంత ఉన్న డీఫ్రాస్ట్ సెన్సర్, అంటే లోపలి మంచు కరిగిందో లేదో చల్లదనాన్ని బట్టి బోర్డుకి చెప్పేది. స్పేర్ పార్టుల షాపులో దానికి రెండు మూడు వందలకు మించి తీసుకోలేదు.

ఒక్క మాట, మీది ఫ్రాస్ట్ ఫ్రీ, అంటే మంచును దానంతటదే కరిగించుకునే రకం అయితేనే ఇదంతా. సింగిల్ డోర్ డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లలో చాలావాటికి నాబ్ వెనక సన్న గొట్టం ఉన్న పాతరకం థర్మోస్టాటే ఉంటుంది, దాని కథ వేరు.

గ్యాసా కాదా అన్నది కళ్ళతోనే చాలావరకు తెలుస్తుంది. ప్లగ్ పీకేసి ఫ్రీజర్ లోపల వెనకున్న ప్లాస్టిక్ పలక విప్పితే కూలింగ్ కాయిల్ కనిపిస్తుంది. గ్యాస్ తగ్గితే కాయిల్ మొదట్లో కొంచెం మేరే మంచు పట్టి మిగతాదంతా బోసిగా ఉంటుంది. అలా కాకుండా కాయిల్ మొత్తం ఒకే మందంలో తెల్లగా మంచు కప్పేసి ఉంటే గ్యాస్ బాగానే ఉన్నట్టు, ఆ మంచును ఎప్పటికప్పుడు కరిగించే డీఫ్రాస్టే పనిచేయడం లేదన్నమాట. చల్లగాలి ఆ కాయిల్ సందుల్లోంచే కింది అరలోకి వెళ్ళాలి, సందులు మూసుకుపోతే పైన ఎంత గడ్డకట్టినా కింద పాలు విరిగిపోక ఏమవుతాయి? పలక విప్పడం మీవల్ల కాకపోతే సామాన్లు తీసేసి, తలుపులు తెరిచి, ఒక రోజంతా ఆఫ్‌లో ఉంచండి. మళ్ళీ వేశాక కొన్నాళ్ళు బ్రహ్మాండంగా పనిచేసి పాత పాట మొదలుపెడితే అది డీఫ్రాస్ట్ గొడవే. గ్యాస్ లేని ఫ్రిజ్ ఐస్ కరిగించినంత మాత్రాన బాగుపడదు.

ఐస్ తొందరగా పోవాలని చాకుతో మాత్రం పొడవకండి. కాయిల్ గొట్టానికి చిల్లి పడిందంటే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది, పైగా ఇప్పటి చాలా ఫ్రిజ్‌లలో ఉండే ఆర్600ఏ మండే గ్యాస్.

ఇక సెన్సర్. కాయిల్ గొట్టానికి క్లిప్పుతో తగిలించి, రెండు సన్న వైర్లతో ఉంటుంది. ముందు ఆ క్లిప్పు ఊడి సెన్సర్ గాల్లో వేలాడుతోందేమో చూడండి, అలా ఉంటే కాయిల్ చల్లదనం దానికి సరిగ్గా తెలియదు. సరిగ్గానే ఉంటే కనెక్టర్ విప్పి మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి కొలవాలి, బోర్డుకి తగిలించి ఉండగా కొలిస్తే లెక్క తప్పుతుంది. ఇది ఎన్‌టీసీ రకం, చల్లబడే కొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఒక గ్లాసు నిండా ఐస్ చితక్కొట్టి వేసి, సందులు నిండేంత వరకే నీళ్ళు పోసి కలపండి. ఉత్త ఐస్ అయితే సున్నా కంటే చల్లగా ఉండొచ్చు, నీళ్ళు కలిసిన ఐసే సున్నా డిగ్రీల దగ్గర నిలుస్తుంది. సెన్సర్ తల అందులో ముంచి ఐదు నిమిషాలు ఓపిక పట్టండి. 25 డిగ్రీల దగ్గర 5 కిలో ఓమ్‌లు ఉండే రకం సున్నా దగ్గర 16 ప్రాంతంలో చూపించాలి, 10 కిలో ఓమ్‌ల రకమైతే 30 అటూఇటూ, అంటే ఏ రకమైనా దాదాపు మూడింతలు. 20కే రేంజ్‌లో పెట్టి 10 కిలో రకాన్ని కొలిస్తే మీటర్ అందుకోలేదు, 200కే లో పెట్టండి.

మాది 5 కిలో రకం, ఐస్ నీళ్ళలో 9 దాటలేదు. అంటే కాయిల్ సున్నా దగ్గర ఉంటే బోర్డు మాత్రం 12 డిగ్రీలకు వచ్చేసిందనుకుని, మంచు సగం కూడా కరగక ముందే దాన్ని కరిగించే హీటర్ ఆపేస్తోంది. రోజూ కాస్త కాస్త మిగిలి గడ్డ అయింది. ఎర్రర్ కోడ్ ఎందుకు రాలేదంటారా, సెన్సర్ పూర్తిగా తెగినా షార్ట్ అయినా బోర్డు పట్టుకుంటుంది గానీ, ఇలా లెక్క తప్పినది దానికి మామూలు రీడింగ్‌లాగే కనిపిస్తుంది. తర్వాత సెన్సర్‌ను గుప్పిట్లో పట్టుకుని చూడండి, రీడింగ్ నెమ్మదిగా తగ్గుతూ రావాలి. అంకెలు ఎగిరెగిరి పడుతుంటే లోపల తడి చేరినట్టే.

కొత్తది కొనేటప్పుడు మోడల్ నంబర్ చెప్పి అదే విలువది అడగండి, చూడ్డానికి ఒకేలా ఉందని ఏదో ఒకటి తగిలించకండి. వైర్లు మెలేసి టేపు చుట్టే మెకానిక్‌ని అక్కడే ఆపండి, ఆ చలికి తేమ చేరి మళ్ళీ రీడింగ్ తప్పుతుంది. సోల్డర్ చేసి పైన వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ ట్యూబ్ వేయించండి, ఆ పని గ్యాస్ లీక్ ఏమీ లేదని తేలాకే.

సెన్సర్ లెక్క సరిగ్గానే వస్తే హీటర్, దాని ఫ్యూజ్ చూడాలి. హీటర్ కొన్ని వందల ఓమ్‌లు, ఫ్యూజ్ దాదాపు సున్నా చూపించాలి. అవీ బాగుంటేనే బోర్డు ఊసు ఎత్తనివ్వండి.