అడిగారు కాబట్టి చెప్తున్నా: క్విజ్‌లో పోయిన మార్కు

ప్రశ్న: స్కూలు క్విజ్‌లో ‘కర్ణాటక తొలి ముఖ్యమంత్రి ఎవరు?’ అంటే మా అమ్మాయి కె.సి. రెడ్డి అని రాసింది. తప్పని కొట్టేసి, నిజలింగప్ప అని చెప్పారట. మా మామగారేమో ‘కె.సి. రెడ్డే, పైగా మన తెలుగాయన’ అని పట్టుబట్టి కూర్చున్నారు. ఇంట్లో రెండు రోజులుగా ఇదే గొడవ. తేల్చి చెప్పండి.
– ఒక తల్లి, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: మార్కు ఇవ్వాల్సిందేనమ్మా. అలాగని టీచరుగారి మీదికి వెళ్ళకండి, ఆవిడ చెప్పిందాంట్లోనూ నిజముంది. 1956 నవంబరు 1న ధార్వాడ, బెళగావి, కలబుర్గి వైపు కన్నడ ప్రాంతాలన్నీ వచ్చి కలిశాక, ఆ పెద్ద రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి నిజలింగప్పగారు. అప్పటికీ దాని పేరు మైసూరే. కర్ణాటక అని పేరు మారింది 1973లో. అంతకుముందున్న పాత మైసూరుకు తొలి ముఖ్యమంత్రి క్యాసంబళ్ళి చెంగలరాయ రెడ్డిగారు, అంటే మీ అమ్మాయి రాసిన కె.సి. రెడ్డే. ప్రభుత్వం వాళ్ళ ముఖ్యమంత్రుల జాబితా మొదలయ్యేది కూడా ఆయనతోనే. ప్రశ్న సరిగ్గా అడగకుండా పిల్లల మార్కులు కోయడం మాత్రం నాకు నచ్చలేదు.

ఆయన పుట్టింది 1902 మే నెలలో, కోలారు జిల్లా క్యాసంబళ్ళిలో. శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కోలారు గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్) బంగారు గనులకు కరెంటు వచ్చిందీ ఆ ఏడాదే, పక్కనే. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలగడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. రెడ్డిగారు లా చదివి, మరికొందరితో కలిసి 1930లో ప్రజాపక్ష అని రైతుల పార్టీ ఒకటి పెట్టారు. అది మరో పార్టీతో కలిసి, ఆఖరికి 1937లో కాంగ్రెస్‌లో చేరింది. మైసూరు లాంటి సంస్థానాల్లో రాజకీయం బ్రిటిష్ ఇండియాలో లాంటిది కాదు. ఎదురుగా తెల్లదొర ఉండడు, జనం చేతులెత్తి మొక్కే మహారాజు ఉంటాడు. దసరా అంబారీ చూసి కళ్ళు తుడుచుకునే రైతు దగ్గరికెళ్ళి ‘అధికారం మనకు కావాలి’ అని ఒప్పించడం ఎంత కష్టమో ఆలోచించండి.

అసలు కథ 1947లో ఉంది. ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగరేసింది. మైసూరు కూడా భారత్‌లో చేరుతున్నట్టు సంతకం పెట్టేసింది. కానీ పాలన మాత్రం మహారాజు జయచామరాజ ఒడెయర్, దివాన్ ఆర్కాటు రామస్వామి మొదలియార్ చేతుల్లోనే ఉండిపోయింది. దేశానికి వచ్చిన స్వాతంత్ర్యం మైసూరులో గుమ్మం బయటే ఆగిపోయింది. సెప్టెంబరు 1న ‘మైసూరు చలో’ మొదలైంది. జనం అరమనె (రాజభవనం) సత్యాగ్రహం అన్నదీ దాన్నే. రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడుగా రెడ్డిగారే ముందున్నారు, అరెస్టయ్యారు. అక్టోబరులో రాజీ కుదిరింది. 25న ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. మంత్రివర్గంలో కాంగ్రెస్ వాళ్ళే కాకుండా బయటివాళ్ళకూ చోటిచ్చారు. దివాన్ పదవి మాత్రం 1949 దాకా సాగింది. సగం వంటకం అని గొణిగినవాళ్ళు అప్పుడూ ఉన్నారు. నా లెక్కలో, సింహాసనాన్ని అవమానించకుండా అధికారం రాబట్టుకోవడం చిన్న పనేం కాదు.

ఇక మామగారి మాట. నేను పుట్టి పెరిగింది బంగారపేటలో. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ, అంగట్లో తమిళం. జనాభా లెక్కల మనిషి వచ్చి మాతృభాష ఏదంటే మా తాత ‘నీకేది తోస్తే అది రాసుకోప్పా’ అనేవాడు. కోలారు సీమ మనిషిని పట్టుకుని తెలుగాయనా కన్నడాయనా అని తేల్చమంటే నా వల్ల కాదు. ఆయన కొట్లాడింది మైసూరు ప్రజల కోసం. మామగారికి నా నమస్కారాలు చెప్పి, ఇంతటితో వదిలేయమనండి.

ప్రశ్న: అంత పెద్దాయనైతే ఇప్పుడెవరికీ తెలియదేం? విధానసౌధ (బెంగళూరులోని శాసనసభ, సచివాలయ భవనం) అనగానే అందరూ కెంగల్ హనుమంతయ్య పేరే చెప్తారు కదా సార్?
– ఒక ఐటీ ఉద్యోగి, వైట్‌ఫీల్డ్

జవాబు: మంచి చోటే పట్టుకున్నావు నాయనా. అప్పట్లో సర్కారు ఆఫీసులు ఇప్పటి విధానసౌధకు ఎదురుగా ఉన్న ఎర్ర భవనంలో, అదే అఠారా కచేరిలో, కిక్కిరిసి ఉండేవి. కొత్తది కావాలని 1951 జులై 13న నెహ్రూ చేత శంకుస్థాపన చేయించింది రెడ్డిగారి ప్రభుత్వమే. ఆయన అనుకున్నది తక్కువ ఖర్చుతో సాదాసీదా ఆఫీసు. మరుసటి ఏడు ఎన్నికల్లో 99 సీట్లలో కాంగ్రెస్‌కు 74 వచ్చాయి గానీ, కుర్చీ హనుమంతయ్యగారికి దక్కింది. ఆయన ఆ ప్లాను పక్కన పడేసి, స్తంభాలు, గోపురం, నల్లరాతి మెట్లతో కోట లాంటిది కట్టించారు. ఖర్చు దాదాపు 1.8 కోట్లు అయింది, దాని మీద విచారణా జరిగింది. కబ్బన్ పార్కు వైపు నుంచి నడుచుకుంటూ వస్తే రెండు భవనాలూ ఒకేసారి కనిపిస్తాయి, చూడు. జనం ఏ భవనం ముందు ఫొటోలు దిగుతారో అడగక్కర్లేదు. కట్టించింది హనుమంతయ్యగారు, పేరు ఆయనకు రావడం న్యాయమే. నన్నడిగితే ఆఫీసు పనికి రెడ్డిగారి ప్లానే చాలు. అది కట్టి ఉంటే మనం సెల్ఫీ తీసుకునేవాళ్ళం కాదనుకో.

ప్రశ్న: కె.సి. రెడ్డిగారు ముఖ్యమంత్రిగా చేసి ఢిల్లీకి మామూలు మంత్రిగా వెళ్ళడం డిమోషన్ కాదా?
– ఒక రిటైర్డ్ టీచరు, హొసూరు రోడ్డు

జవాబు: ఇప్పటి లెక్కలు అప్పటికి పెట్టకండి మేష్టారూ. 1952లో నెహ్రూ ఆయనకు ఉత్పత్తి శాఖ ఇచ్చారు. సర్కారు కొత్తగా ఫ్యాక్టరీలు పెడుతున్న రోజులవి. సింద్రీ ఎరువుల కర్మాగారం లాంటివి ఆ శాఖ కిందే నడిచాయి. తర్వాత పనులు, గృహనిర్మాణం, సరఫరా శాఖ, ఆపైన వాణిజ్యం, పరిశ్రమలు. 1963 దాకా ఢిల్లీలోనే ఉన్నారు. మధ్యలో 1957లో కోలారు నుంచి లోక్‌సభకు గెలిచారు. 1965 నుంచి 71 దాకా, నడుమ కొద్ది రోజులు తప్పించి, మధ్యప్రదేశ్ గవర్నరు. 1976లో పోయారు. కుర్చీ పోయాక పార్టీ మారడం, టికెట్టు రాలేదని ప్రెస్‌మీట్ పెట్టడం ఇంకా ఫ్యాషన్ కాని కాలం.

ప్రశ్న: పిల్లలకు ఆయన ఊరు చూపించాలని ఉంది. ఎలా వెళ్ళాలి?
– మొదటి ప్రశ్న అడిగినావిడే

జవాబు: మారికుప్పం రైలెక్కండి. బంగారపేట దాటాక ఊరగాం, చాంపియన్ స్టేషన్లు వస్తాయి, గనుల దిబ్బలు కిటికీలోంచే కనిపిస్తాయి. కేజీఎఫ్‌లో దిగి క్యాసంబళ్ళి బస్సు అడగండి. తెలుగులోనే అడగొచ్చు.