వైన్‌లో ప్రోగ్రామ్ మొరాయిస్తే: పెదనాన్న ఉత్తరం

చిన్నీ,

ఆశీస్సులు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగిపోయిందని షాపు కంప్యూటర్‌లో దాని బదులు లైనక్స్ వేయించావు. మంచి పనే. ఇప్పుడు పెళ్లిపత్రికల ప్రోగ్రామ్ వైన్‌లో (విండోస్ ప్రోగ్రామ్‌లను లైనక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) తెరుచుకోవడం లేదు, అంతా తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయనా అని అడిగావు. వద్దమ్మా. తీసేస్తే తప్పు ఎక్కడుందో చెప్పే ఆనవాలు కూడా పోతుంది.

వైన్ లోపల విండోస్ ఏమీ ఉండదు. ప్రోగ్రామ్ విండోస్‌ని అడిగే పనులను లైనక్స్ చేత చేయించి పెడుతుంది, అంతే. 1993లో మొదలుపెడితే 1.0 వెర్షన్ 2008కి గానీ రాలేదు, అంత పని ఉంది అందులో. ఇప్పటికీ ఒక ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది, ఇంకొకటి మొండికేస్తుంది.

ముందు ఐకాన్ మీద క్లిక్ చేయడం మానెయ్. టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి, ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లి, వైన్ (wine) అని కొట్టి పక్కన ఫైల్ పేరు ఇవ్వు. తెర నిండా లైన్లు వస్తాయి, టెన్షన్ పడకు. 'ఫిక్స్‌మీ' (fixme) అని ఉన్నవి చాలావరకు వైన్ రాసేవాళ్లు తమ కోసం పెట్టుకున్న గుర్తులు. 'ఎర్' (err, అంటే తప్పు) అని ఉన్నవాటిలో మొట్టమొదటిది చదువు. తర్వాతివి చాలాసార్లు దాని పర్యవసానాలే.

ఫలానా డీఎల్‌ఎల్ (ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన సాయపు ఫైల్) దొరకలేదని అందులో ఉంటే ఏదో ఒక సైట్ నుంచి ఆ ఫైల్ తెచ్చి పడేయకు. ఎంఎస్‌వీసీపీ140 లాంటి పేరైతే విజువల్ సీ++ రన్‌టైమ్ అనే సాయపు ఫైళ్ల కట్ట లేదన్నమాట, అలాంటివి వైన్‌లో వేసిపెట్టే వైన్‌ట్రిక్స్‌తో వేసుకో. పాత ప్రోగ్రామ్‌లు ఎక్కువగా 32 బిట్‌వి. ఉబుంటు, డెబియన్ అనే లైనక్స్ రకాల్లో చాలా వెర్షన్లకు వైన్32 ప్యాకేజీ విడిగా వేయాలి, అదీ చూసుకో.

ఇంకో మాట, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆ ప్రోగ్రామ్‌కి వేరు కాపురం పెట్టించు. అంటే దానికంటూ ఒక వైన్‌ప్రిఫిక్స్ ఫోల్డర్, వైన్ ఆ ప్రోగ్రామ్‌నీ దాని సెట్టింగులనీ పెట్టుకునే చోటు. అన్నీ మామూలు డాట్‌వైన్ (.wine) ఫోల్డర్‌లోనే వేస్తే, ఒకదాని కోసం మార్చిన సెట్టింగ్ ఇంకోదాన్ని చెడగొడుతుంది. విడిగా ఉంటే ఆ ఒక్క ఫోల్డర్‌ని కాపీ చేసి దాచుకోవచ్చు. మార్పులు కూడా ఒకటొకటిగా చెయ్యి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో నీకే తెలియదు. సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, మాత్రం ఎప్పుడూ నడపకు. ఆ అధికారం లేకుండానే వైన్ నుంచి నీ హోమ్ ఫోల్డర్ మొత్తం కనిపిస్తుంది కాబట్టి విండోస్ వైరస్ కూడా అక్కడ చేయాల్సింది చేయగలదు.

తెరుచుకున్నాక అక్షరాలన్నీ పిచ్చి గుర్తుల్లా కనిపిస్తే వైన్‌ని తిట్టకు. అను లాంటి పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్‌వి (ప్రతి భాష అక్షరాలకూ విడిగా కోడ్ ఇచ్చే పద్ధతివి) కావు. ఫైల్‌లో ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కోడ్‌లే, వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంటే. ఆ ఫాంట్ ఫైళ్లను ప్రిఫిక్స్‌లోని విండోస్ ఫోల్డర్ కింద ఫాంట్స్‌లో పెట్టి, ప్రోగ్రామ్ మూసి తెరువు. లైన్లు విరిగే చోటు మారినా మొదట అనుమానించాల్సింది ఫాంట్‌నే. ప్రింటర్ సంగతికొస్తే, ముందు లైనక్స్ నుంచే ఒక టెస్ట్ పేజీ తియ్యి. అక్కడ రాకపోతే వైన్‌లోనూ రాదు.

యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్సు తాళంచెవిలా పనిచేసే చిన్న పరికరం) పెడితేనే తెరుచుకునే సాఫ్ట్‌వేర్ అయితే మాత్రం పట్టుదలకు పోకు. దానికి విండోస్ డ్రైవర్ కావాలి, వైన్‌లో అవి చాలావరకు పనిచేయవు. వర్చువల్ మెషిన్‌లో (లైనక్స్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) అసలు విండోస్ వేసి, ఆ ఒక్కదాన్ని అందులో నడుపుకో. ర్యామ్ 8 జీబీ అయినా ఉంటే నయం.

వైన్ వెర్షన్ నంబరు, ఆ మొదటి ఎర్ లైను వాట్సాప్‌లో పంపు. తెరను ఫోన్‌తో ఫొటో తీయకు, కాపీ చేసి పంపు, నా కళ్లకు ఆ ఫొటోలు ఆనవు.

మీ పెదనాన్న