బడి సందేహాలు: నెదర్లాండ్స్‌లో మాంటిస్సోరినా, వాల్డార్ఫా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మావారికి మూడేళ్ల పని మీద ఐంధోవెన్ బదిలీ అయింది. జూన్ చివర్లో ప్రయాణం. పాపకు ఆరేళ్లు. ఇక్కడ మాంటిస్సోరిలో మూడేళ్లు చదివింది, తెలుగూ ఇంగ్లిషూ కూడబలుక్కుని చదువుతుంది. అక్కడ మాంటిస్సోరి, వాల్డార్ఫ్ రెండూ ఉన్నాయట. దేంట్లో వేయమంటారు? ఫీజులు భరించగలమా? తిరిగొచ్చాక ఇబ్బంది పడదు కదా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఫీజు దిగులు వదిలేయండి. ప్రైవేటు యాజమాన్యాల బడులకూ ప్రభుత్వ బడులతో సమానంగా సర్కారే డబ్బిచ్చే పద్ధతి ఆ దేశంలో 1917 నుంచీ ఉంది. మీరడిగిన రెండు రకాలూ దాని కిందికే వస్తాయి. ఏడాదికోసారి చందా అడుగుతారు. అది కట్టలేదని పిల్లను ఏ కార్యక్రమం నుంచీ తప్పించకూడదని 2021లో చట్టం కూడా చేశారు. లక్షల్లో ఫీజు కట్టే బెంగళూరు తల్లిదండ్రులకు ఇది ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు.

మీ పాపకు మాంటిస్సోరే నయం. వాల్డార్ఫ్‌లో అక్షరాలు ఆరేడేళ్లకు, బొమ్మలతో, నింపాదిగా మొదలవుతాయి. ఒకే టీచరు ఏళ్ల తరబడి ఆ పిల్లలతోనే పై తరగతులకు వెళ్తారు. అక్కడే పెరిగే పిల్లకు అది బాగుంటుంది. మూడేళ్లు కాగానే పెట్టె సర్దుకుని వచ్చేసే పిల్లకు అసలు లాభం అందకముందే విమానం టికెట్ వస్తుంది. మాంటిస్సోరిలో ఆరు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లంతా ఒకే గదిలో మూడేళ్లు ఉంటారు. మీ పాప అక్కడ ఉండేది సరిగ్గా ఆ మూడేళ్లే. పైగా సామగ్రి తనకు తెలిసిందే. లెక్కలు నేర్పే వెయ్యి పూసల ఘనం ఏ భాషలోనైనా వెయ్యే.

చిక్కంతా డచ్ భాషతో. అక్కడ చదవడం నేర్పేది గ్రూప్ 3లో, అంటే మీ పాప వయసులోనే. ఆరేళ్లు దాటి డచ్ రాని పిల్లల్ని చాలా ఊళ్లలో ముందు ఓ ఏడాది పాటు భాషా తరగతికి పంపుతారు. అది వేరే భవనంలో కూడా ఉండొచ్చు. అందుకే బడికి రాసే మొదటి మెయిల్‌లోనే మూడు ప్రశ్నలు పెట్టండి: గ్రూప్ 3లో ఖాళీ ఉందా? భాషా తరగతి ఎక్కడ? అది అయ్యాక ఇదే బడిలో సీటు ఉంచుతారా? మూడోది అడగక, ఏడాది తర్వాత మళ్లీ బడుల చుట్టూ తిరిగేవాళ్లు ఉన్నారు. మెయిల్ మార్చి, ఏప్రిల్‌లలోనే వెళ్లాలి. వేసవిలో ఆరు వారాలు బడులు మూతపడితే జవాబిచ్చే నాథుడుండడు. ఇల్లు కూడా ఆ బడులకు సైకిల్ దూరంలో వెతకండి.

మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయార్ వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆవిడ పెట్టిన అంతర్జాతీయ సంఘం కేంద్రం ఆమ్‌స్టర్‌డామ్‌లోనే ఉంది. అయినా ఆ పేరు ఎవరి సొత్తూ కాదు, ఏ బడైనా బోర్డు మీద రాసుకోవచ్చు. అందుకని ఓ అరగంట తరగతి గదిలో కూర్చోనివ్వమని అడగండి. చిన్నపిల్లల గదిలో, ఒకదానిపై ఒకటి పేర్చే పింక్ టవర్ చూడండి: 10 ఘనాలు, పక్క కొలత 1 సెంటీమీటరు నుంచి 10 దాకా. ఒక్కటి పోయినా మెట్లు కుదరవు, తప్పెక్కడుందో పిల్లకు దానంతట అది తెలియదు. అలా అరకొరగా ఉన్న సామాను అలమరలో దుమ్ము పట్టి, పిల్లలందరూ ఒకే వర్క్‌షీట్ చేస్తుంటే లేచి వచ్చేయండి.

కాగితాల దగ్గర మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది జనన ధ్రువపత్రంతో. చాలావాటిలో పిల్ల పేరే ఉండదు. ఉన్నా ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. ముందు అది సరిచేయించి, తర్వాత రాష్ట్ర ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ అపోస్టిల్ (కాగితం విదేశాల్లో చెల్లేందుకు వేసే ముద్ర) వేయించండి. వరస తప్పితే మళ్లీ మొదటికే.

అక్కడ అయిదేళ్లు నిండిన పిల్లలకు బడి తప్పనిసరి. సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తామంటే కుదరదు, జరిమానా పడుతుంది. మతపరమైన పండగకైతే ముందే చెప్పి, మామూలుగా ఒక రోజు సెలవు తీసుకోవచ్చు.

తిరిగొచ్చేటప్పుడు టీసీ అనే కాగితం అక్కడ దొరకదు. పేరు తీసేసినట్టు ధ్రువపత్రం, రిపోర్టు ఇంగ్లిషులో అడిగి తెచ్చుకోండి. కర్ణాటకలో ఏ బోర్డు బడైనా కన్నడం నేర్పాలి కాబట్టి, చివరి ఏడాది నుంచే రోజూ పావుగంట కన్నడ అక్షరాలు దిద్దించండి.

ప్రశ్న: ఏడాది కోసం జర్మనీ వెళ్తున్నాం. బాబుకు ఏడేళ్లు. వాల్డార్ఫ్‌లో సీటు రాకపోతే ఇంట్లోనే చదివించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: కుదరదండీ. జర్మనీలో పిల్లలు బడికి వెళ్లి తీరాలి, ఇంటి చదువుకు అనుమతి లేదు. సీటు రాకపోతే మీ పేటలోని ప్రభుత్వ ప్రాథమిక బడిలో చేర్చండి, అక్కడ ఫీజు లేదు. వాల్డార్ఫ్‌లో మాత్రం ఫీజు ఉంటుంది, చాలాచోట్ల తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి. ఏ బడైనా రెండు మీజిల్స్ డోసుల రుజువు అడుగుతుంది, 2020 మార్చి నుంచీ అది చట్టం. టీకా కార్డులో తేదీలు చెరిగిపోయి ఉంటే టీకా వేసిన ఆసుపత్రిలో ఇప్పుడే మళ్లీ రాయించుకోండి.