డచ్ చెవికెక్కాలంటే ఏం వినాలి, ఏం చదవాలి?

ప్రశ్న: యాప్‌లో డచ్ మొదలుపెట్టి కొన్ని నెలలైంది. చిన్న చిన్న వాక్యాలు చదివితే అర్థమవుతున్నాయి కానీ, ఎవరైనా మాట్లాడుతుంటే ఒక మాట ఎక్కడ అయిపోయి ఇంకో మాట ఎక్కడ మొదలైందో కూడా తెలియడం లేదు. పాడ్‌కాస్ట్‌లు పెట్టుకుంటే టెన్షన్ తప్ప ఒక్క ముక్క ఎక్కడం లేదు. నా స్థాయికి సరిపోయేవి ఎక్కడ దొరుకుతాయి?

జవాబు: ముందు ఆ పాడ్‌కాస్ట్‌లు కొన్నాళ్లు పక్కన పెట్టేయండి. అర్థం కాని మాటలు గంటల తరబడి చెవిలో పడితే భాష దానంతటదే వచ్చేస్తుందని చాలామంది చెబుతారు గానీ, మొదలుపెట్టినవాళ్ల విషయంలో నేను దాన్ని అస్సలు ఒప్పుకోను. మీకు ఇప్పుడు కావలసింది రెండు మూడు నిమిషాల ముక్క, దాని పక్కనే రాతలో అదే మాట, కుదరకపోతే కనీసం అదే విషయం. వినేదీ చదివేదీ ఒకే సంగతి అయితేనే మీ సమస్య తీరుతుంది.

ఎందుకంటే డచ్‌లో రాసేదానికీ పలికేదానికీ మధ్య చాలా తేడా ఉంది. 'నాకు తెలియదు' అనడానికి రాతలో 'ఇక్ వేట్ హెట్ నీట్' అని నాలుగు మాటలు విడివిడిగా కనిపిస్తాయి. మామూలుగా మాట్లాడేటప్పుడు 'హెట్'లో ముందు భాగం ఎగిరిపోయి, మిగిలింది దాని ముందున్న 'వేట్'కు అతుక్కుని 'ఇక్వేటట్ నీట్' అని వినిపిస్తుంది. 'లోపెన్' (నడవడం) అని రాసి చాలామంది 'లోపె' అని వదిలేస్తారు, చివరి నకారం పలకరు. ఇవి మీకు తెలియని మాటలు కావు, తెలిసిన మాటలే వేషం మార్చుకుని వస్తున్నాయి. రాత కళ్ల ముందు పెట్టుకుని వింటే వేషం వెనక ఎవరున్నారో పట్టుబడుతుంది.

ఇక ఎక్కడ దొరుకుతాయంటే, నేను మొదట చెప్పేది ఎన్ఓఎస్ యూహ్ద్‌జర్నాల్. నెదర్లాండ్స్‌లో 1981 నుంచి వస్తున్న పిల్లల వార్తలు ఇవి. వాక్యాలు చిన్నవి, కష్టమైన మాట వస్తే వాళ్లే విడమర్చి చెబుతారు, పైగా ఆ రోజు లోకంలో జరిగిన విషయమే కాబట్టి సగం సంగతి మీకు ముందే తెలిసి ఉంటుంది. వాళ్ల వెబ్‌సైట్‌లో వార్త రాసి ఉంటుంది, చాలాసార్లు దాంతోపాటు వీడియో కూడా ఉంటుంది. రెండింట్లో మాటలు అచ్చంగా ఒకటి కావు, విషయం మాత్రం ఒకటే. ముందు రాసిన వార్త చదవండి, తెలియని మాటల్లో నాలుగైదు మాత్రం చూసుకోండి, తర్వాత వీడియో వినండి. మర్నాడు కొత్తదానికి పోకుండా అదే మళ్లీ వినండి. మొదటిరోజు గోల అనిపించిన చోట మూడోరోజుకు మాటలు విడిపోయి వినిపిస్తాయి.

ఇది కూడా కష్టమనిపిస్తే యూట్యూబ్‌లో బార్ట్ డే పౌ పాఠాలున్నాయి, నిదానంగా, మొదలుపెట్టినవాళ్ల కోసమే చేసినవి. ఈజీ డచ్ ఛానల్‌లో వీధిలో మామూలు మనుషుల్ని ఆపి ప్రశ్నలడుగుతారు, కింద డచ్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ అక్షరాలు పడతాయి. వేగం ఎక్కువే, అందుకని ఒక్కో మనిషి జవాబు దగ్గర ఆపి మళ్లీ వినాలి. ఇంగ్లిష్ వరసను చేత్తోనో కాగితంతోనో మూసేసి చూడండి, లేకపోతే కన్ను అక్కడికే పోతుంది. ఊఫెనెన్ డాట్ ఎన్ఎల్ అనే సైట్‌లో పెద్దవాళ్ల కోసం రోజువారీ జీవితం మీద పాఠాలున్నాయి, చాలావరకు ఉచితం. క్రమంగా ఒక కోర్సులా కావాలంటే గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం ఫ్యూచర్‌లెర్న్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో నడిపే డచ్ పరిచయ కోర్సు ఉంది. ఎన్‌పీఓ స్టార్ట్ అనే డచ్ ఆన్‌లైన్ టీవీ సైట్‌లో కార్యక్రమాలు బోలెడున్నా, నెదర్లాండ్స్ బయట చాలావరకు తెరుచుకోవు కాబట్టి వాటి మీద ఆశ పెట్టుకోకండి.

ఇంకో సంగతి. డచ్‌లో కొన్ని క్రియలు రెండు ముక్కలై, రెండో ముక్క వాక్యం చివరికి పోతుంది. ఉపవాక్యాల్లో అయితే క్రియ మొత్తం చివరికే చేరుతుంది. ఇంగ్లిష్‌లో ఆలోచిస్తూ వినేవాళ్లకు ఇది చిరాకు. తెలుగువాళ్లం మనం పుట్టినప్పటి నుంచి వాక్యం చివరిదాకా ఆగి క్రియ వినేవాళ్లమే కదా, ఆ ఓపికే ఇక్కడా వాడండి.

ప్రశ్న: చదవడానికి చిన్నపిల్లల బొమ్మల కథలతో మొదలుపెట్టమని అందరూ అంటున్నారు. నిజంగా తేలికేనా? బెల్జియం వాళ్ల డచ్ వింటే గందరగోళపడతానా?

జవాబు: బొమ్మల కథలు చూడటానికే తేలిక. మాట్లాడేటప్పుడు డచ్‌వాళ్లు జరిగిపోయినదాన్ని ఎక్కువగా సహాయక క్రియతో చెబుతారు, కథల్లో మాత్రం వేరే భూతకాల రూపం నడుస్తుంది. అది మీ పాఠాల్లో ఇంకా రాకపోతే ప్రతి వరసలోనూ తట్టుకుంటారు. పైగా ప్రాస కోసం వేసిన మాటలు, జంతువుల అరుపులు, మంత్రగత్తెల చీపుర్లు నేర్చుకుని ఇప్పుడే ఏం చేసుకుంటారు? దానికన్నా వికీకిడ్స్ మేలు. పిల్లల కోసం పిల్లలే రాసే విజ్ఞానకోశం అది. మీకు బాగా తెలిసిన విషయం, క్రికెట్టో ఏనుగో సూర్యుడో, తెరిచి చదవండి, విషయం తెలుసు కాబట్టి మాట దానంతటదే తేలుతుంది.

బెల్జియం గురించి భయం వద్దు. రాసే భాష ఒకటే. 1980లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకుని భాష కోసం ఉమ్మడి సంస్థ, తాల్‌యూనీ, పెట్టుకున్నాయి. డచ్‌లో 'g' అక్షరానికి గొంతులోంచి గరగరమని వచ్చే శబ్దం అక్కడ మెత్తబడుతుంది, కొన్ని మాటలు మారతాయి, అంతే. వాబ్లీఫ్ట్ అని తేలిక భాషలో వచ్చే వారపత్రిక బెల్జియంవాళ్లదే, పెద్దవాళ్ల వార్తలే సులువుగా రాస్తారు, చాలా బాగుంటుంది. వినడానికి మాత్రం మొదటి కొన్ని నెలలు ఒక దేశపు యాసకే కట్టుబడి ఉండండి. మీరు ఏ దేశం వెళ్లబోతున్నారో ఆ దేశానిదే.

ప్రశ్న: పెళ్లయింది, నెదర్లాండ్స్‌లో ఉన్న మా ఆయన దగ్గరికి వెళ్లాలంటే డచ్ పరీక్ష రాయాలట. ఇవన్నీ చూస్తూ కూర్చుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదమ్మా. వెళ్లేముందు విదేశంలో రాసే ఆ పరీక్ష ఏ1 స్థాయిది, అంటే యూరప్‌లో భాషల్ని కొలిచే మెట్లలో మొట్టమొదటిది. చదవడం, మాట్లాడటం, డచ్ సమాజం గురించిన ప్రశ్నలు, ఈ మూడు భాగాలుంటాయి. దానికోసమే 'నార్ నేడర్లాండ్' అని ప్రభుత్వం తయారుచేసిన అభ్యాస సామగ్రి ఉంది, ముందు అది పూర్తి చేయండి, నమూనా పరీక్షలు రాసి చూసుకోండి. వినడానికి విడిగా పరీక్ష లేదు కదా అని వదిలేయకండి, మాట్లాడే భాగంలో ప్రశ్న చెవిన పడి అర్థమైతేనే జవాబు చెప్పగలరు. వెళ్లాక కూడా చదువు ఆగదు. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం మామూలుగా బీ1 స్థాయి దాకా, అంటే అదే వరసలో మూడో మెట్టు దాకా చేరాలి. అందుకని రోజూ ఒక పిల్లల వార్త చదివి వినే అలవాటు ఇప్పుడే పెట్టుకోండి.