డాక్టర్ సలహా: గోరు కండలోకి దిగితే బిళ్లలతో తగ్గదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రాయగడ జిల్లా గుణుపురం దగ్గర పల్లె. నాకు 20 ఏళ్లు. ఆర్మీ ర్యాలీ కోసం రోజూ 1.6 కిలోమీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తున్నాను. కుడికాలి బొటనవేలి గోరు ఒక పక్క కండలోకి దిగిపోయింది. ఏడాదిన్నర కిందట ఇలాగే అయితే ఒక క్లినిక్‌లో గోరు మొత్తం పీకేశారు. కొత్త గోరు వచ్చింది, నాలుగు నెలలుగా మళ్లీ అదే బాధ. చీము కారుతోంది, పక్కన ఎర్రగా కండ పెరిగింది, దుప్పటి తగిలినా ప్రాణం పోతోంది. మూడుసార్లు యాంటీబయాటిక్ కోర్సు వాడాను. వాడినన్నాళ్లు తగ్గి మళ్లీ మొదలవుతోంది. అమ్మ గోరుచుట్టు అనుకుని నిమ్మకాయ తొడిగింది. మా నాన్నకు షుగర్ ఉంది. ఆయన గోరు కూడా పక్కకి వంగి గుచ్చుకుంటోంది, బ్లేడుతో ఆయనే కోసుకుంటున్నారు. మా ఇద్దరికీ ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ అమ్మగారి అనుమానం తీర్చాలి. గోరుచుట్టు వేరు, మీకు వచ్చింది వేరు. గోరు అంచున చర్మం చీలినా, ఎప్పుడూ నీళ్లలో నానినా ఆ సందులోంచి క్రిములు దూరి చీము పడితే దాన్ని గోరుచుట్టు అంటాం. అందులో గోరు తప్పేమీ ఉండదు. చీము బయటికి పోతే చాలావరకు మానిపోతుంది. మీ విషయంలో అసలు దోషం గోరుదే. గోరు అంచు కండను కోసుకుంటూ లోపలికి దిగింది. కండ దాన్ని పరాయి వస్తువు అనుకుని వాస్తుంది, చీము పడుతుంది, మానడానికి ప్రయత్నించి ప్రయత్నించి దుర్మాంసం పెంచుతుంది. మీరు చెప్పిన ఎర్రటి కండ అదే. ముట్టుకుంటే రక్తం వస్తుంది.

కాల్లో తుమ్మముల్లు విరిగి ఉండిపోయిందనుకోండి. ముల్లు తీయకుండా బిళ్లలు వేసుకుంటే ఏమవుతుంది? వేసుకున్నన్నాళ్లు కొంచెం నెమ్మదిస్తుంది, ఆపగానే మళ్లీ సలుపుతుంది. మీ మూడు కోర్సుల కథ ఇదే. గుచ్చుకున్న గోరు అంచు తీసేస్తే చాలామందికి యాంటీబయాటిక్ అవసరమే ఉండదు. ఎరుపు వేలు దాటి పాదం మీదికి పాకినా, జ్వరం వచ్చినా, గజ్జల్లో బిళ్ల కట్టినా అప్పుడు మందు తప్పనిసరి. అలాంటివేవీ మీరు రాయలేదు కాబట్టి నాలుగో కోర్సు మొదలుపెట్టకండి.

ఇక మీరు అడగకపోయినా మీ మనసులో ఉండే ప్రశ్న: గోరు మొత్తం పీకించుకున్నా ఎందుకు మళ్లీ వచ్చింది? గోరు పుట్టేది మనకు కనిపించే చోట కాదు, చర్మం కింద దాగిన మూలంలో. పైన గోరు లాగేస్తే గడ్డి కోసినట్టే, వేరు అలాగే ఉంటుంది. పైగా గోరు లేని నెలల్లో వేలి కొసన ఉన్న మెత్తటి కండ పైకి లేస్తుంది. కొత్త గోరు ముందుకు సాగుతూ వచ్చి ఆ గోడకు గుద్దుకుంటుంది. కాలి గోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది. బొటనవేలి గోరు పూర్తిగా రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. మీ లెక్క దానికి సరిగ్గా సరిపోయింది. కొత్త గోరు కొసకు చేరే వేళకే మళ్లీ గుచ్చుకోవడం మొదలైంది. గోరు మొత్తం పీకడం పాత అలవాటు, ఇప్పటికీ చాలాచోట్ల చేస్తున్నారు. నొప్పి భరించి, ఏడాది పైగా ఎదురుచూసి, మళ్లీ మొదటికి వచ్చిన మీలాంటి కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

మీరు గోరు ఎలా కోసుకుంటారో రాయలేదు గానీ, ఊహించగలను. మూల గుచ్చుకుంటుంటే నెయిల్ కట్టర్ లోపలికి పోనిచ్చి ఆ మూలను గుండ్రంగా తీసేస్తారు. వెంటనే హాయిగా ఉంటుంది. ఆ హాయే మోసం చేస్తుంది. కట్టర్ అందని లోతులో సన్నటి ముల్లులాంటి కొన ఒకటి మిగిలిపోతుంది. రెండు మూడు వారాల్లో గోరు పెరిగేకొద్దీ ఆ కొన ఇంకా లోతుకు దిగుతుంది. మీరు ఇంకా లోపలికి కోస్తారు. ఇలా నెలల తరబడి నడుస్తుంది. దీనికి తోడు పరుగు. దిగేటప్పుడు, ఆగేటప్పుడు వేలు బూటు ముందుభాగానికి కొట్టుకుంటుంది, చెమటకు చర్మం నాని మెత్తబడుతుంది, మెత్తబడ్డ కండను గోరు తేలిగ్గా కోస్తుంది. ఇరుకు బూట్లతో ఈ వేలి మీద పరుగు తీయడమంటే నిజంగా గోరుచుట్టు మీద రోకటిపోటే. కొందరికి పుట్టుకతోనే గోరు వంపు ఎక్కువ. మీ నాన్నగారికీ ఉందంటున్నారు కాబట్టి మీకు అదీ ఒక కారణం కావచ్చు.

చీము, దుర్మాంసం వచ్చి నాలుగు నెలలైంది, ఒకసారి పీకించుకున్నా తిరగబెట్టింది. ఈ దశలో ఇంటి వైద్యంతో కాలం గడపొద్దు. చిన్న ఆపరేషన్ ఉంది. వేలి మొదట్లో రెండువైపులా మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. దాచడమెందుకు, ఆ సూది నొప్పే అసలు నొప్పి, అర నిమిషం పళ్లు బిగించాలి. తర్వాత వేలు మొద్దుబారిపోతుంది. రక్తం రాకుండా వేలికి రబ్బరు కట్టి, గోరులో గుచ్చుకున్న పక్క మాత్రం రెండు మూడు మిల్లీమీటర్ల సన్నటి పేలికలా మొదలుదాకా చీల్చి తీసేస్తారు. మిగతా గోరు అలాగే ఉంటుంది. ఆ పక్క గోరు పుట్టే మూలంలో ఫినాల్ అనే మందును కొన్ని నిమిషాలు అద్ది, ఆ ముక్క మళ్లీ మొలవకుండా మాడుస్తారు. ఉత్తగా గోరు తీసినదానికంటే ఇలా చేసినప్పుడు తిరగబెట్టడం చాలా తక్కువ. దుర్మాంసం ఉంటే అదీ అప్పుడే తీసేస్తారు. అంతా కలిపి అరగంట పని, ఆ రోజే ఇంటికి వెళ్లిపోవచ్చు. ఇక్కడ ఒక హెచ్చరిక: ఫినాల్ వేరు, నేల కడిగే ఫినాయిల్ వేరు. పేరు దగ్గరగా ఉందని ఇంట్లో వేలికి రాసి చర్మం కాల్చుకోవద్దు.

రెండు నుంచి నాలుగు వారాలు అక్కడి నుంచి పల్చటి రసి కారుతుంది. అది చీము కాదు, టెన్షన్ పడకండి. రోజూ శుభ్రమైన నీళ్లతో కడిగి కట్టు మార్చుకోవాలి. మొదటి రెండు రోజులు కాలు ఎత్తు మీద పెట్టుకోండి. నొప్పి లేకుండా బూటు వేసుకోగలిగాక, సుమారు మూడు నాలుగు వారాలకు, మెల్లగా పరుగు మొదలుపెట్టవచ్చు. ర్యాలీ తేదీ దగ్గర్లో ఉంటే ఈ లెక్క చూసుకుని ముందే వెళ్లండి. ఆఖరి వారం దాకా ఆగి పరిగెత్తలేక వెనక్కి రావడం కంటే అది నయం.

ఎక్కడికి వెళ్లాలి? గుణుపురం ప్రభుత్వాసుపత్రిలో సర్జన్ ఉన్నారేమో ముందు కనుక్కోండి. లేకపోతే రైలెక్కి పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రికి వెళ్లవచ్చు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ గానీ, ఇటు శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రి గానీ మీకు అందుబాటులోవే. ఒడియాలో అడిగినా తెలుగులో అడిగినా ఒకటే మాట అడగండి: "గోరు మొత్తం కాకుండా పక్క ముక్క మాత్రం తీసి, మూలంలో ఫినాల్ పెడతారా?" పాత చీటీలన్నీ పట్టుకెళ్లండి. టీటీ (ధనుర్వాతం రాకుండా వేసే ఇంజెక్షన్) ఎప్పుడు వేయించుకున్నారో చెప్పండి. గోరు కింద గట్టిగా ఎముకలాంటిది తగులుతుంటే ఎక్స్‌రే తీయమనండి. మీ వయసువాళ్లకు ఆ వేలి ఎముక మీద చిన్న బుడిపె పెరిగి గోరును ఎత్తేయడం ఉంటుంది, దానికి వైద్యం వేరు.

ఇది చదివేవాళ్లలో ఇప్పుడే మొదలైనవాళ్లు కొందరుంటారు. ఎరుపు, కొద్దిపాటి వాపు, నొక్కితే నొప్పి, అంతే. చీము లేదు, షుగర్ లేదు. వాళ్లు ఇంట్లోనే ప్రయత్నించవచ్చు. రోజుకు రెండుసార్లు పావుగంట గోరువెచ్చని నీళ్లలో కాలు పెట్టి, చర్మం మెత్తబడ్డాక గోరు మూలను మెల్లగా ఎత్తి సన్నటి దూది పోగు ఒకటి కింద పెట్టండి. రోజూ మార్చండి. గోరు పక్క కండకు టేపు అంటించి గోరు నుంచి దూరంగా లాగి వేలి కిందికి చుట్టినా ఒత్తిడి తగ్గుతుంది. గోరు కండ దాటి పెరిగేవరకూ కొన్ని వారాలు ఓపిక పట్టాలి. వారం పది రోజుల్లో కొంచెమైనా తగ్గకపోతే, చీము కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గోరు కోసేటప్పుడు అడ్డంగా తిన్నగా కోయండి, మూలలు వేలి కొసకు సమానంగా బయట కనపడాలి. బూట్లు సాయంత్రం పూట, కాళ్లు కొద్దిగా ఉబ్బి ఉన్నప్పుడు కొనండి. పొడవైన వేలి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండేలా చూసుకోండి.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. మీ ఉత్తరంలో ఆయన గురించి ఉన్నది రెండు వాక్యాలే, కానీ నాకు మీకంటే ఆయన గురించే ఎక్కువ దిగులుగా ఉంది. ఇవాళే ఆ బ్లేడు ఆయన చేతిలోంచి తీసుకోండి. షుగర్ చాలాకాలంగా ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది, రక్తం సరిగా పారదు. లోతుగా తెగినా ఆయనకు తెలియకపోవచ్చు. మీకు ప్రాణం పోయే నొప్పి ఉంది కాబట్టి డాక్టరును వెతుక్కుంటున్నారు. ఆయనకు నొప్పి లేదంటే బాగుందని అర్థం కాదు. ఉడుపుల రోజుల్లో బురదలో ఒట్టికాళ్లతో దిగితే ఆ చిన్న గాటే పుండై, ఎముక దాకా వెళ్లి, వేలు తీసేయాల్సి రావచ్చు. వేడినీళ్లలో కాళ్లు పెట్టడం కూడా ఆయనకు వద్దు, కాలినా తెలియదు. ఆపరేషన్‌కు ముందు ఆయన పాదంలో నాడి అందుతోందా, స్పర్శ ఉందా అని చూడాలి, గత మూడు నెలల షుగర్ సగటు తెలిపే రక్తపరీక్ష చేయాలి. రక్తప్రసరణ బాగుంటేనే ఆ కోత మానుతుంది.

మీరు వెళ్లే రోజే ఆయన్నీ వెంట తీసుకెళ్లండి. ఈలోగా రాత్రి పడుకునే ముందు ఆయన పాదాలు లైటు వెలుతురులో మీరే చూడండి, వేళ్ల సందులతో సహా. ఎక్కడైనా నల్లబడినా, వాసన వచ్చినా, ఒక కాలు రెండోదానికంటే వేడిగా తగిలినా మర్నాటి దాకా ఆగకండి.