సగం దెబ్బతిన్న ఇంటికి సొమ్ము రాదు, కూల్చేస్తే వస్తుంది!

ప్రశ్న: మాది తెనాలి, మావారిది జపాన్. 2024 జనవరి 1న వచ్చిన నోటో భూకంపంలో వాజిమాలోని మా ఇల్లు దెబ్బతింది. సర్టిఫికెట్‌లో 'హంకై', అంటే సగం నష్టం అని రాశారు. ఇల్లు ఇంకా మావారి తాతగారి పేరు మీదే ఉంది. దాన్ని కూల్చేసి కనజావా వెళ్లిపోతే ప్రభుత్వ సాయం పోతుందని మా అత్తగారి భయం. నిజమేనా?

జవాబు: పోదమ్మా. పైగా వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఇల్లు నిలబెట్టుకుంటే రాని సొమ్ము కూల్చేస్తేనే వస్తుంది. ముందే చెప్తున్నా, నేను జపాన్ కోర్టుల్లో వాదించే లాయర్ని కాను, కాబట్టి సంతకాలు పెట్టే ముందు అక్కడి ప్రభుత్వ న్యాయ సహాయ కేంద్రం 'హోతెరాసు' వాళ్లతో ఒకసారి మాట్లాడండి.

మీ చేతిలో ఉన్న ఆ ఒక్క కాగితం, 'రిసాయ్ షోమేషో', అంటే హంకై అని రాసిచ్చిన ఆ నష్టం సర్టిఫికెట్, దాని మీదే అంతా నడుస్తుంది. 1995 కోబే భూకంపం తర్వాత, 1998లో, బాధితుల కోసం ఒక సహాయ చట్టం తెచ్చారు. ఇల్లు పూర్తిగా పోయిందని రాస్తే దాని కింద కుటుంబానికి మొదటి విడతగా 10 లక్షల యెన్‌లు ఇస్తారు, ఆపైన రెండో విడతగా ఇల్లు కట్టుకున్నా కొనుక్కున్నా ఇంకో 20 లక్షలు, అద్దెకు వెళ్తే 5 లక్షలు. ఒంటరిగా ఉండేవాళ్లకు ఇందులో ముప్పావు వంతే. ఉత్త హంకైకి మాత్రం ఈ చట్టం కింద ఒక్క యెన్ కూడా రాదు. కానీ బాగుచేయడం కుదరక కూల్చక తప్పలేదంటే, అదే ఇంటిని పూర్తిగా పోయినట్టే లెక్కేస్తారు!

మరమ్మతుకు వేరే పథకం ఉంది, సుమారు 7 లక్షల యెన్‌ల వరకు, అదీ మీ చేతికి రాదు, నేరుగా పని చేసినవాళ్లకే ఇస్తారు. అది వాడుకున్నాక ప్రభుత్వ ఖర్చుతో కూల్చివేత మామూలుగా ఇవ్వరు. ఇలా లెక్క కట్టాక ఊళ్లో ఉండాలనుకున్నవాళ్లు కూడా ఊరు వదిలేస్తే తప్పు వాళ్లదా చెప్పండి?

ఎక్కడికి వెళ్లాలనే షరతేం లేదు, కనజావా అయినా టోక్యో అయినా సరే, అర్జీ మాత్రం వాజిమా నగర కార్యాలయంలోనే. సర్కారువారి అద్దె ఇంట్లోకి వెళ్తే ఆ రెండో విడత రాదు. ఇంకోటి, ఈ సాయం ఆ ఇంట్లో కాపురం ఉన్న కుటుంబానికి, దస్తావేజులో పేరున్నవాళ్లకి కాదు.

అయితే కూల్చడానికి తాతగారి పేరే అడ్డం. మామూలుగా వారసులందరి సమ్మతి కావాలి, ఎక్కడో ఉన్న మేనత్త పిల్లలతో సహా. (మన ఊళ్లలోనూ ఇదే తంతు కదా, ముత్తాత పేరున ఇల్లు, కరెంటు బిల్లు మనవడిది.) 2024 ఏప్రిల్ 1 నుంచి జపాన్‌లో వారసత్వ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, పాత ఆస్తులకు 2027 మార్చి 31 వరకు గడువుంది. ఎలాగూ తప్పదు, ఇప్పుడే మొదలుపెట్టండి.

గడువులు చూసుకోండి, మొదటి విడతకు భూకంపం రోజు నుంచి 13 నెలలు, రెండోదానికి 37. పొడిగించి ఉండొచ్చు, ప్రభుత్వ కూల్చివేతకు వేరే గడువు పెడతారు, రెండూ నగర కార్యాలయంలోనే కనుక్కోండి. హంకై అనే అంచనా తక్కువగా ఉందనిపిస్తే మళ్లీ సర్వే అడిగే వీలుంది, అది ఇల్లు నిలబడి ఉండగానే జరగాలి, అందుకే గోడ పగుళ్లు, వంగిన స్తంభాలు, పునాది అన్నీ ఫోటోలు తీసి పెట్టుకున్నాకే కూల్చివేత ఫారం ముట్టుకోండి.